జపాన్ కొన్బినీ రివ్యూ: ఆఫీసుగా అయిదు స్టార్లు, వంటిల్లుగా రెండు

జపాన్‌కి ఇంగ్లీష్ టీచరుగా రావాలనుకునేవాళ్లు జీతం ఎంతని అడుగుతారు, చలి ఎలా ఉంటుందని అడుగుతారు, అన్నం దొరుకుతుందా అని వాళ్లమ్మగారి చేత మెసేజ్ పెట్టించి మరీ అడుగుతారు. ఇక్కడికి వచ్చాక సగం పనులు ఎక్కడ జరుగుతాయో ఆ కొన్బినీ గురించి మాత్రం ఒక్కరూ అడగరు. అందుకని అడక్కుండానే రాస్తున్నాను. తీర్పు ముందే చెప్పేస్తాను, చదివే ఓపిక లేనివాళ్లు ఇక్కడితో ఆగిపోవచ్చు: ఆఫీసు పనులకి అయిదుకి అయిదు, చేపా మాంసం తినని మనిషికి భోజనం పెట్టే చోటుగా అయిదుకి రెండు, ఆ రెండు కూడా నేను గుడ్డు తింటాను కాబట్టి.

కొన్బినీ అంటే వీధి చివర ఉండే చిన్న దుకాణం, ఎక్కువ చోట్ల 24 గంటలూ తెరిచే ఉంటుంది. సెవెన్-ఇలెవెన్, ఫ్యామిలీమార్ట్, లాసన్ అని మూడు పెద్ద చెయిన్లు, ఇవి కాక చిన్నాచితకా కొన్ని, అన్నీ కలిపితే దేశంలో 55 వేలకు పైనే. సెవెన్-ఇలెవెన్ పుట్టింది అమెరికాలో, జపాన్‌లో మొదటిది 1974లో టోక్యోలోని తొయోసులో తెరిచారు. ఆ రోజు మొట్టమొదట అమ్ముడుపోయింది చలవ కళ్లద్దాలు అని చెబుతారు. తర్వాత 1991లో ఆ అమెరికా కంపెనీలోనే మెజారిటీ వాటా జపాన్ వాళ్లు కొనేశారు. ఇక్కడ నేను ఏ ఒక్క చెయిన్‌కీ మార్కులు వేయడం లేదు, నేను వాడేవి అన్ని రంగుల బోర్డులవీ ఉన్నాయి. ఎక్కడైనా విసుక్కుంటే అది ఫలానా కంపెనీ మీద అనుకోవద్దు.

నేనుండేది గున్మాలో, ఇసెసాకి దగ్గర. టోక్యోకి ఉత్తరాన, టీవీలో చూపించే జపాన్ కాదు ఇది. ఇక్కడ రైలు కంటే కారు ముఖ్యం, కొన్బినీ ముందున్న పార్కింగ్ స్థలం కొన్బినీ కంటే నాలుగింతలు ఉంటుంది. చలికాలంలో కొండల మీద నుంచి కరక్కజె అనే పొడిగాలి సైకిల్‌ని వెనక్కి నెడుతుంది. వేసవి సంగతంటారా, 2025 ఆగస్టు 5న ఇసెసాకిలో 41.8 డిగ్రీలు నమోదైంది, జపాన్ మొత్తం మీద ఇప్పటిదాకా అదే రికార్డు. మాది తెనాలి, రెంటచింతల ఎండల వార్తలు వింటూ పెరిగినదాన్ని, అయినా ఆ వారం ఏసీ కోసమే కొన్బినీలోకి వెళ్లి పత్రికల అరల ముందు నిలబడ్డాను. ఎవరూ ఏమీ అనలేదు, నాతోపాటు ఇంకో ముగ్గురు అదే పని మీద ఉన్నారు.

ఉద్యోగం ఏఎల్‌టీ (అసిస్టెంట్ లాంగ్వేజ్ టీచర్), అంటే జపనీస్ టీచరు పాఠం చెబుతుంటే పక్కన నిలబడి పలికించడం, ఆటలు ఆడించడం, పేపర్లు దిద్దడం. 1987లో ప్రభుత్వం విదేశాల నుంచి ఇలాంటి టీచర్లని రప్పించే జెట్ ప్రోగ్రాం మొదలుపెట్టినప్పటి నుంచి ఈ ఉద్యోగం ఊరూరా ఉంది. జెట్‌లో రానివాళ్లలో చాలామంది ఏజెన్సీల ద్వారా వస్తారు, నేనూ అలాగే వచ్చాను. 2020 నుంచి ప్రాథమిక బడిలో అయిదు, ఆరు తరగతులకి ఇంగ్లీష్ మార్కులున్న సబ్జెక్టు అయింది, మూడు, నాలుగు తరగతులకి ఆటపాటలతో సరిపెడతారు, దాంతో మాలాంటివాళ్లని హైస్కూలుకీ చిన్న బడులకీ మధ్య వారమంతా తిప్పుతారు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, సాయంత్రం బడి నుంచి బయటపడేసరికి బ్యాంకు కౌంటర్ మూసేసి చాలాసేపవుతుంది, అది మధ్యాహ్నం మూడింటికే బంద్. మునిసిపల్ ఆఫీసు అయిదుంపావుకి కట్టేస్తారు, మనం చేరేసరికి అటెండరు తలుపులు వేస్తూ వంగి నమస్కారం పెడతాడు. సెలవు పెట్టి వెళ్దామంటే ఏడాదికి ఇచ్చేవే తక్కువ, వాటిని ఇంటికి వెళ్లే ప్రయాణం కోసం దాచుకుంటాం. ఆ ఖాళీలో దూరింది కొన్బినీ. మన మీసేవ కేంద్రాన్ని తెచ్చి కిరాణా కొట్లో పెట్టి, రాత్రంతా తెరిచి ఉంచి, క్యూ లేకుండా చేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది.

బిల్లులతో మొదలుపెడతాను. కరెంటు, గ్యాస్, నీళ్లు, ఫోను, జాతీయ పెన్షన్, పన్నులు, ఆన్‌లైన్‌లో కొన్న చీపురు, ఏదైనా సరే బార్‌కోడ్ ఉన్న కాగితం ఇంటికి వస్తుంది. దాన్ని తీసుకెళ్లి కౌంటర్ మీద పెట్టడమే, ఒక్క ముక్క మాట్లాడక్కర్లేదు. అమ్మాయి స్కాన్ చేస్తుంది, మన వైపు తెరమీద ఒక బటన్ వెలుగుతుంది, నొక్కాలి, డబ్బులివ్వాలి, కాగితం మీద గుండ్రటి ముద్ర గుద్ది మన ముక్క చింపి ఇస్తుంది. ఆ ముక్క పారేయకండి. వీసా రెన్యువల్ అప్పుడో, తర్వాతెప్పుడైనా పర్మనెంట్ రెసిడెన్సీకి పెట్టుకునేటప్పుడో పన్నులు, పెన్షన్ టైముకి కట్టారా లేదా అని చూస్తారు, అప్పుడు ఈ చిత్తుకాగితాలే మనకి సాక్ష్యం. నేను పాత స్వీటు డబ్బాలో పెట్టుకుంటాను. ఒక కాగితం మీద మూడు లక్షల యెన్లు దాటితే కొన్బినీలో తీసుకోరు, మన జీతాలకి ఆ ఇబ్బంది ఎలాగూ రాదనుకోండి. అసలు ఇబ్బంది ఏమిటంటే ఇలాంటి బిల్లులకి సాధారణంగా క్రెడిట్ కార్డు ఒప్పుకోరు, నోట్లు పట్టుకెళ్లాల్సిందే. ఈ మధ్య కొన్ని బిల్లుల్ని ఫోన్ యాప్‌తో ఇంట్లోంచే కట్టేయొచ్చు, కానీ ఆ గుద్దిన ముద్ర రాదు, నాకు ముద్ర ఉంటేనే నిద్ర పడుతుంది.

కొత్తగా వచ్చేవాళ్లు ఒక్క విషయం రాసిపెట్టుకోండి. ఇక్కడి స్థానిక పన్ను ముందటేడాది సంపాదన మీద లెక్కగడతారు, జనవరి 1న ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరికి కట్టాలి. మొదటి ఏడు ఏమీ రాదు, అబ్బో జీతం బానే మిగులుతోందే అనుకుంటాం. రెండో ఏడు జూన్‌లో దళసరి కవరు ఒకటి పోస్టులో పడుతుంది, అందులో ఏడాదికి సరిపడా కట్టాల్సిన చీటీలు. జీతంలోంచి కోసే కంపెనీ అయితే సరే, కోయని కంపెనీలో ఉన్నవాళ్లకి ఆ జూన్ నెల చుక్కలు కనిపిస్తాయి. కొన్బినీకి దీంతో సంబంధం లేదు, పాపం వాళ్లు ముద్ర గుద్ది ఇవ్వడం తప్ప ఏం చేస్తారు. అయినా ఆ రోజు కౌంటర్ అమ్మాయి నా చేతిలోంచి నోట్లు తీసుకుని రెండు చేతులా థాంక్యూ చెబితే ఒళ్లు మండింది.

ఇక జెరాక్స్ మెషిన్. దుకాణం మూలన, ఏటీఎం పక్కన, ఎవరూ పట్టించుకోనట్టు నిలబడి ఉంటుంది, దీనికి నేను విడిగా ఇంకో అయిదు స్టార్లు ఇస్తాను. నలుపు-తెలుపు కాపీ 10 యెన్లు, రంగులో 50. పెన్ డ్రైవ్ పెట్టి ప్రింట్ తీసుకోవచ్చు, ఫోన్‌లోంచి యాప్‌తో పంపించుకోవచ్చు, స్కాన్ చేసి తిరిగి ఫోన్‌లోకి ఎక్కించుకోవచ్చు. బడిలో ప్రింటర్ ఉంటుంది కదా అనుకుంటారు, ఉంటుంది, రంగులో తీయాలంటే మాత్రం లెక్క రాయాలి, కారణం చెప్పాలి, వైస్ ప్రిన్సిపాల్ కళ్లజోడు పైనుంచి ఒక చూపు చూస్తారు. మూడో తరగతి పిల్లలకి పళ్ల పేర్లు నేర్పాలంటే అరటిపండు పసుపుగా ఉండాలి కదండీ, బూడిదరంగు అరటిపండు చూపించి ‘ఎల్లో’ అనమంటే పిల్లలు నవ్వుతారు. ఆ ఫ్లాష్‌కార్డులకి సొంత డబ్బు పోస్తున్నానని మా అమ్మకి చెబితే, మీ తాతయ్య చాక్‌పీసులు కూడా సొంతంగా కొనేవాడు లేవే అంది. ఫోన్‌తో తీసుకున్న ఫోటోని వీసా సైజులో ఈ మెషినే ప్రింట్ చేసి ఇస్తుంది, రెసిడెన్స్ కార్డుకి కావలసింది 4 సెంటీమీటర్ల ఎత్తు, 3 సెంటీమీటర్ల వెడల్పు, స్టూడియోకి పెట్టే ఖర్చులో సగం కూడా కాదు. మనలాంటివాళ్లకి ఇంకో గొడవ ఉంది: ఇన్‌స్ట్రక్టర్ వీసాకి, ఇంగ్లీష్ మాతృభాష కానివాళ్లు ఇంగ్లీష్‌లో కనీసం 12 ఏళ్లు చదివినట్టు చూపించాలి. అంటే ఒకటో తరగతి చదివిన కాన్వెంటు నుంచి డిగ్రీ దాకా అన్ని సర్టిఫికెట్ల కాపీలు. అవన్నీ అర్ధరాత్రి దాటాక ఈ మెషిన్ మీదే స్కాన్ చేశాను, పేజీకి 30 యెన్లు, తెర మీద భాష ఇంగ్లీష్‌లోకి మార్చుకునే వీలు ఉంది.

అదే మెషిన్‌లో ప్రభుత్వ కాగితాలు కూడా వస్తాయని చాలామందికి తెలియదు. జూమిన్‌హ్యో అని నివాస ధ్రువీకరణ పత్రం ఒకటుంటుంది, ఇల్లు మారినా, కారు కొన్నా, వీసా పెట్టినా అదే అడుగుతారు. మై నంబర్ కార్డు ఉంటే, ఆధార్ లాగే దానికీ 12 అంకెలు, కార్డు పెట్టి నాలుగంకెల పిన్ కొడితే పొద్దున ఆరున్నర నుంచి రాత్రి పదకొండు దాకా ఎప్పుడైనా ప్రింట్ వస్తుంది, చాలా ఊళ్లలో ఆఫీసు కౌంటర్ కంటే చవకగా కూడా. కాకపోతే ఇల్లు మారితే 14 రోజుల్లోపు కొత్త చిరునామా నమోదు చేయించాలి, దానికి మాత్రం మనిషే మునిసిపల్ ఆఫీసుకి వెళ్లాలి, కొన్బినీ కాపాడదు. అలాగే వీసా ఫీజుకి రెవెన్యూ స్టాంపులు అంటించాలి, కొన్బినీల్లో మామూలుగా ఉండేవి 200 యెన్లవే, పెద్దవి కావాలంటే పోస్టాఫీసుకి పోవాలి. ఇమిగ్రేషన్ ఆఫీసు క్యూలో నిలబడ్డాక ఈ సంగతి గుర్తొస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

సామాన్లు పంపే సంగతి రెండు మాటల్లో. యమాతో కంపెనీ 1976లో మొదలుపెట్టిన నల్లపిల్లి బొమ్మ కొరియర్‌ని సెవెన్-ఇలెవెన్, ఫ్యామిలీమార్ట్‌లలో ఇవ్వచ్చు, లాసన్‌లో అయితే పోస్టాఫీసు వాళ్ల పార్సిల్. సెలవులకి ఇంటికి వెళ్లేటప్పుడు పెద్ద సూట్‌కేసుని రెండ్రోజుల ముందే ఎయిర్‌పోర్టుకి పంపేసి చేతులూపుకుంటూ రైలెక్కచ్చు. మెట్లున్న స్టేషన్లలో 23 కిలోల పెట్టె మోసినవాళ్లకి ఈ సుఖం విలువ తెలుస్తుంది. ఏటీఎం గురించి చెప్పేదేముంది, సెవెన్ బ్యాంక్ మెషిన్లు మన ఇండియా కార్డులు కూడా చాలావరకు తీసుకుంటాయి, మొదటి జీతం పడేదాకా బతకడానికి అదే ఆధారం.

ఈ ఆఫీసులో నాకు నచ్చనిది ఒక్కటే. ఒక చెయిన్‌లో టికెట్లు బుక్ చేసుకునే మెషిన్ ఉంది, బస్సు టికెట్లు, మ్యూజియం టికెట్లు అన్నీ దాంట్లోనే, మొదటి తెర దాటాక మొత్తం జపనీస్, పేరు కటకన అనే జపనీస్ లిపిలో కొట్టమంటుంది, మన ఇంటిపేరూ అసలు పేరూ కలిపి కొడితే అక్షరాలు ఎక్కువయ్యాయని వెనక్కి తోసేస్తుంది. తెలుగువాళ్ల పేర్లంటే ఈ దేశంలో ఏ ఫారానికీ పడదు. కౌంటర్‌లో అడిగితే ఆ మెషిన్ మాది కాదన్నట్టు మొహం పెట్టారు.

సరే, తిండికి వద్దాం. ఇక్కడే నాకు కడుపు మంట, రెండు రకాలుగానూ.

బడిలో మధ్యాహ్నం పిల్లలందరికీ ఒకే భోజనం పెడతారు, క్యూషొకు అంటారు, టీచర్లు కూడా డబ్బు కట్టి అదే తింటారు. అన్నం, చేప, సూపు, 200 మిల్లీలీటర్ల పాలు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, నాకు మాత్రం అందులో అన్నం, పాలు తప్ప ఏదీ పనికిరాదు, అందుకని ఇంటి నుంచి డబ్బా తీసుకెళ్తాను. లేవడం ఆలస్యమైన రోజున మాత్రం కొన్బినీయే దిక్కు. అందరూ పొగిడేది ఒనిగిరి, అంటే సముద్రపు నాచు చుట్టిన అన్నం ముద్ద. 1978లో సెవెన్-ఇలెవెన్ వాళ్లు నాచుకీ అన్నానికీ మధ్య ప్లాస్టిక్ పొర ఉండే ప్యాకింగ్ తెచ్చారు, తినే ముందు పొర లాగేస్తే నాచు కరకరలాడుతూ ఉంటుంది. దాని మీద 1, 2, 3 అని అంకెలు ఉంటాయి, ఆ వరుసలోనే లాగాలి. ఇంజనీరింగ్ అంటే అదీ, నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. లోపల ఏముంది అన్నదే సమస్య. సాల్మన్, ట్యూనా మయొనైజ్, చేపగుడ్లు, చికెన్. మనకి మిగిలేవి మూడు: ఉప్పు అన్నం, ఉమె అనే పుల్లటి కాయ ఊరగాయ, కొంబు అనే నాచు. ఈ మూడింట్లో కూడా కొంబుని నమ్మలేం, చాలాసార్లు దాన్ని ఉడికించిన సాసులో చేప సారం ఉంటుంది.

అసలు శాకాహారికి జపాన్ కొన్బినీలో శత్రువు మాంసం కాదు, మాంసం కంటికి కనిపిస్తుంది, పక్కకి పెట్టేస్తాం. ఎండబెట్టిన చేప తురుముతో కాచిన దాషి అనే నీళ్లు ఉంటాయే, అవి సూపులో, సాసులో, గుడ్డట్టులో, వంకాయ కూరలో, చివరికి ఇనారి అని తీపి తోఫు సంచిలో పెట్టే అన్నంలో కూడా ఉంటాయి. మా గున్మాలో కొన్‌న్యాకు దుంప పండిస్తారు, దేశంలో పండేదాంట్లో 90 శాతం పైనే ఇక్కడిదే, చలికాలంలో కౌంటర్ పక్కన ఒదెన్ అనే వేడివేడి పులుసు కుండలో ఆ కొన్‌న్యాకు ముక్కలు తేలుతూ కనిపిస్తాయి, శుద్ధ శాకాహారం అనుకుంటాం, తేలుతున్నది చేప నీళ్లలో. ప్యాకెట్ వెనక ఎలర్జీ పట్టిక చూస్తే చాలనుకోవద్దు. అందులో తప్పనిసరిగా రాయాల్సినవి గుడ్డు, పాలు, గోధుమ, సోబా అనే ధాన్యం, వేరుశనగ, రొయ్య, పీత, అక్రోటు లాంటివి కొన్నే. దాషికి వాడే కత్సువో చేప పేరు అక్కడ ఉండదు. పైన పదార్థాల జాబితా చదవాలి, బరువు ఎక్కువున్నది ముందు రాస్తారు, గీత తర్వాత వచ్చేవి రసాయనాలు. ‘ఎకిసు’ (అంటే సారం) అని ముగిసే మాట కనిపిస్తే దాని ముందు ఏ జంతువు పేరుందో చూసుకోండి. ఫోన్ కెమెరాతో అనువాదం అవుతుంది, పొద్దున ఏడున్నరకి హడావుడిలో అరల ముందు నిలబడి ప్యాకెట్లకి ఫోటోలు తీస్తుంటే వెనకున్న లారీ డ్రైవర్ల ఓపికని మెచ్చుకోవాలి.

నన్ను బాగా నొప్పించింది ఆన్‌మన్. చలికాలంలో గాజు పెట్టెలో ఆవిరి మీద పెట్టే తెల్లటి బన్ను, లోపల ఎర్ర చిక్కుడు తీపి ముద్ద. పూర్ణం బూరె తినాలనిపించినప్పుడల్లా దాని వైపే చూసేదాన్ని. జాబితా చదివితే చాలా రకాల్లో పంది కొవ్వు ఉంది. ఇక దొరయాకి, దైఫుకు అనే తీపి పదార్థాలతో సరిపెట్టుకోవడమే, అవి చాలావరకు పనికొస్తాయి. గుడ్డు సాండ్‌విచ్ మాత్రం నిజంగా అంత బాగుంటుందండీ, దాని గురించి లోకం చెప్పేదాంట్లో అబద్ధం లేదు. విడి అరటిపండు, చలికాలంలో కొన్ని దుకాణాల్లో కాల్చిన చిలగడదుంప, ఇవి కళ్లు మూసుకుని కొనొచ్చు.

నాకు నేను కనిపెట్టుకున్న భోజనం ఇదీ: మైక్రోవేవ్‌లో పెట్టే అన్నం ప్యాకెట్ ఒకటి, 400 గ్రాముల ప్లెయిన్ పెరుగు డబ్బా ఒకటి, తీపి లేనిది చూసి. అన్నం రెండు నిమిషాలు వేడిచేసి పెరుగు కలిపి ఉప్పు వేస్తే అంతే. ఇక్కడి బియ్యం మన సోనా మసూరిలా పొడిపొడిగా ఉండదు, పులిహోరకి చచ్చినా పనికిరాదు, పెరుగన్నానికి మాత్రం దానికి మించింది లేదు. ఇంటి నుంచి తెచ్చుకున్న గోంగూరో మాగాయో పక్కన ఉంటే ఆ రాత్రికి గున్మా గుంటూరు జిల్లాలో కలిసిపోతుంది. కందిపప్పు, మినపప్పు, కరివేపాకు కావాలంటే ఇసెసాకిలో పాకిస్తానీ, నేపాలీ వాళ్ల హలాల్ కొట్లున్నాయి, కొన్బినీ దగ్గర వెతకొద్దు.

కాఫీకి మూడున్నర. 2013లో సెవెన్-ఇలెవెన్ వాళ్లు 100 యెన్లకి మెషిన్ కాఫీ మొదలుపెట్టారు, ఇప్పుడు ధర పెరిగింది, అయినా కెఫేలతో పోలిస్తే చవకే. కౌంటర్‌లో డబ్బు కట్టి ఖాళీ కప్పు తీసుకుని మనమే మెషిన్‌లో పెట్టుకోవాలి. డికాషన్ బానే ఉంటుంది, పాలే పలచన. వేసవిలో గరిగరి-కున్ అనే ఐసు పుల్ల కొనండి, పక్కనే ఉన్న సైతామా కంపెనీది. 2016లో దాని ధర 60 నుంచి 70 యెన్లకి పెంచినప్పుడు కంపెనీ వాళ్లు వరసగా నిలబడి వంగి టీవీలో క్షమాపణ చెప్పారు, 2024లో అది 80 అయింది. మన దగ్గర పాలవాడు కూడా అంత మర్యాదగా ధర పెంచడు. కూర్చుని తినే బల్లలున్న కొన్బినీలో తింటే పన్ను 10 శాతం, ఇంటికి పట్టుకెళ్తే 8, 2019 అక్టోబరు నుంచి ఇదే లెక్క.

ధరల మాటకొస్తే, ఇంటి సామాన్లు కొన్బినీలో కొనకండి. అదే పాలు, అదే గుడ్లు, అదే సబ్బు సూపర్ మార్కెట్‌లో ఎప్పుడూ తక్కువే, పైగా రాత్రి ఎనిమిది దాటాక అక్కడ సగం ధర స్టిక్కర్లు అంటిస్తారు. 2025లో బియ్యం అయిదు కిలోలు 4 వేల యెన్లు దాటేసరికి ఒనిగిరి కూడా చిరుతిండి ధర నుంచి ఆలోచించి కొనే ధరకి వచ్చింది.

మనుషుల గురించి చెప్పకపోతే ఈ రివ్యూ అన్యాయం. మా వీధిలో రాత్రి షిఫ్టులో ఉండేది నేపాల్ కుర్రాడు, పగలు భాషా స్కూలు. స్టూడెంట్ వీసా మీద వారానికి 28 గంటలకు మించి పనిచేయకూడదు, ఆ గంటల్లోనే అద్దె, ఫీజు, ఇంటికి పంపే డబ్బు అన్నీ సర్దాలి. మొదట్లో ఇద్దరం జపనీస్‌లో మర్యాదలు పోయాం, ఒకరోజు నేను ఫోన్‌లో ఎవరితోనో హిందీ మాట్లాడటం విని, “దీదీ, మీరు ఇండియానా?” అన్నాడు. అప్పటి నుంచి కొత్త ఒనిగిరి వస్తే చేప ఉందో లేదో తనే వెనక చదివి చెబుతాడు. నాకంటే జపనీస్ బాగా వచ్చు అతనికి, పిల్లలకి ఇంగ్లీష్ చెప్పినందుకు నాకొచ్చే గంట జీతానికీ, రాత్రంతా లారీల సరుకు దింపుతూ నాలుగు భాషల్లో జనాన్ని సముదాయించినందుకు అతనికొచ్చేదానికీ తేడా తలుచుకుంటే కాస్త సిగ్గుగానే ఉంటుంది. 2019లో ఒసాకా దగ్గర ఒక ఓనరు మనుషులు దొరక్క రాత్రి దుకాణం మూసేస్తే 24 గంటలూ తెరిచి ఉంచడం అవసరమా అని దేశమంతా వాదించుకుంది. రాత్రి ఒంటిగంటకి సర్టిఫికెట్లు స్కాన్ చేసుకున్నదాన్ని నేను, అవసరం లేదని ఏ మొహంతో అనను?

కౌంటర్ దగ్గర భయపడేవాళ్లకి ఒక మాట. వాళ్లు అడిగే ప్రశ్నలు ఎప్పుడూ అవే: పాయింట్ కార్డు ఉందా, సంచి కావాలా, వేడి చేయమంటారా, చాప్‌స్టిక్స్ ఎన్ని. 2020 జూలై నుంచి ప్లాస్టిక్ సంచికి డబ్బు తీసుకుంటారు, సొంత సంచి పట్టుకెళ్లండి. వద్దనడానికి ‘దైజోబు దెస్’ అని చేయి అడ్డంగా ఊపితే చాలు. కొత్తలో ఏ ప్రశ్న ఏదో అర్థంకాక టెన్షన్ పడతాం, నెల తిరిగేసరికి వాళ్లు అడగకముందే జవాబు చెబుతాం.

ఇక చివరిది, టీచర్లకి మాత్రమే ఉండే బాధ. చాలా హైస్కూళ్లలో బడి నుంచి ఇంటికి వెళ్లే దారిలో దుకాణాల్లో ఆగకూడదని పిల్లలకి రూలు. కాబట్టి సాయంత్రం నాలుగింటికి ఒక్కరూ కనిపించరు, హాయిగా ఉంటుంది. రాత్రి ట్యూషన్లు వదిలాక మాత్రం గుంపుగా దిగుతారు, చికెన్ ముక్కలు తింటూ పార్కింగ్‌లో సైకిళ్ల మీద కూర్చుంటారు. ఊళ్లో ఉన్న ఒకే ఒక్క ఇండియా టీచర్ని గుర్తుపట్టడానికి వాళ్లకి ఎంతసేపు పడుతుంది? క్లాసులో నోరు విప్పని పిల్లవాడు అక్కడ మాత్రం “సెన్సెయి! హలో! వాట్ ఈజ్ దిస్?” అని నా బుట్టలోకి తొంగి చూస్తాడు, వాడి ఇంగ్లీష్ బయటపడేది అక్కడే కాబట్టి కోప్పడలేను, అరటిపండు, పెరుగు, పేపర్ నేప్కిన్లు అని పేర్లు చెప్పించి వదులుతాను. మర్నాడు స్టాఫ్ రూములో మ్యాథ్స్ సార్ “నిన్న పెరుగు కొన్నారట” అంటారు. బీరు కొన్న రోజున ఈ పాఠం కష్టం. కౌంటర్‌లో తెర మీద 20 ఏళ్లు నిండాయా అన్న బటన్ అందరి ముందూ నొక్కాలి, వెనక క్యూలో మీ తొమ్మిదో తరగతి క్లాస్ లీడరు ఉంటుంది. నేనైతే అలాంటివి పక్క ఊరి కొన్బినీలో కొంటాను, కారులో వెళ్లి, ఇంటికొచ్చాకే మూత తీస్తాను, తాగి నడిపితే ఇక్కడ ఉద్యోగం, వీసా రెండూ ఊడిపోవచ్చు. మా అమ్మ ఇంతదూరం చదవదన్న ధైర్యంతో రాస్తున్నాను.